కానరేగు కొమ్మకు కట్టు

అద్దె ఇంట్లో పండ్ల చెట్లు పెట్టేదాన్ని పిచ్చిదంటారని నాకు తెలుసు. అన్నారు కూడా. "సొమ్మొకరిది, సోకొకరిదా వదినా?" అని మా ఆడపడుచు మొహం మీదే అంది. ఆవిడ సొంతింట్లో గచ్చు తప్ప గడ్డిపోచ లేదు, నాకు నీతులు చెప్పొచ్చింది! మేము ఈ ఇంటి కింది వాటాలోకి దిగినప్పుడు పెరడంటే ఏముంది? పగిలిన పెంకులు, ఇటుక ముక్కలు, ఎవరో విరగ్గొట్టి పారేసిన సింకు. అవన్నీ ఏరి బయట పోసి, మట్టి తిరగేసి, ఒక్కొక్కటే నాటుకుంటూ వచ్చాను. పూలకుండీల షోకు నాకు లేదు. ఎక్కడి నుంచో తెచ్చి షాపుల్లో అమ్మే మొక్కలూ అక్కర్లేదు. ఈ మట్టిలో పుట్టినవి, ఈ ఎండకి అలవాటు పడ్డవి, జనం పేర్లు కూడా మర్చిపోయినవి కావాలి నాకు. కానరేగు, వాక్కాయ, చిట్టి రేగు, నేరేడు. నేరేడు తప్ప అన్నీ ముళ్ళే. అందుకే వీధిలో నాకు ముళ్ళావిడ అని పేరు. చెట్ల వల్ల వచ్చిందని నేనంటాను. నోటి వల్ల వచ్చిందని మా ఆయన అంటాడు.

ఎవరేమన్నా పట్టించుకోలేదు గానీ లోపల ఒక భయం ఎప్పుడూ ఉండేది. ఇంటాయన ఏ రోజు వచ్చి ఖాళీ చెయ్యమంటాడో! బీరువా మోసుకుపోవచ్చు, మంచం మోసుకుపోవచ్చు. చెట్టుని ఎత్తి లారీలో పడేసుకుని పోలేం కదా. అందులోనూ నా కానరేగు. ఆ జాతిలో ఆడ పొద వేరు, పోతు పొద వేరు. గింజ వేస్తే ఏది మొలిచిందో పూత వచ్చేదాకా తెలీదు, అది రావడానికి ఏళ్ళు పడుతుంది. నేను పెంచిన ప్రతి మొక్కా పోతుగానే తేలింది. అన్నీ పీకేసి, ఒక్క పోతుని పుప్పొడి కోసం ఉంచి, మళ్ళీ మళ్ళీ గింజలు వేస్తే చివరికి ఒకే ఒక్క ఆడది దక్కింది. దాని పళ్ళు నల్లెరుపుగా గోళీకాయలంత ఉంటాయి. నోట్లో వేసుకుంటే ముందు పులుపు, తరవాత తీపి. ఆ పొద పోతే మళ్ళీ పెంచే వయసు నాకు లేదు. అంతే సంగతి.

సరిగ్గా ఆ పొదకే కట్టు కనిపించింది.

వానలు మొదలయ్యాక ఒక రోజు దుప్పట్లు ఆరేస్తున్నాను. కానరేగు లోపలి కొమ్మకి, ఆకుల మాటున, నల్ల కవరు చుట్టి ఉంది. పైనా కిందా తెల్లటి టేపు వేసి బిగించారు. ఇంకొకరైతే ఏదో చెత్త చిక్కుకుందనుకుందురు. నాకు చూడగానే తెలిసిపోయింది. అది అంటు. కొమ్మకి చుట్టూ తొక్క తీసి, తడి కొబ్బరి పీచు పొట్టు పెట్టి, గాలి దూరకుండా కవరు చుట్టేస్తే లోపల వేర్లు పుడతాయి. వేర్లు పుట్టాక కట్టు కింద కోసుకుని పోతే అదే చెట్టు, అవే పళ్ళు, గింజతో పని లేదు. వెతికితే వాక్కాయకి ఇంకోటి, నేరేడుకి ఇంకోటి కనిపించాయి.

అంటు ఎవడైనా ఎందుకు కడతాడు? తీసుకుపోవడానికి. ఇంకెందుకు? కాయలు కోసుకుపోయే దొంగల్ని చాలామందిని చూశాను, తిట్టి పంపించాను. వీడెవడో కాయలతో ఊరుకునే రకం కాదు. చెట్టుకి పిల్లని కట్టి, పురుడు పోసి మరీ పట్టుకుపోదామని చూస్తున్నాడు. అంటే ఓపిక ఉన్నవాడు. రోజూ నా పెరట్లోకి వచ్చిపోగలవాడు.

అలాంటివాళ్ళు ఎంతమంది? మా ఆయనని మొదటే తీసేశాను. ఆయన పుస్తకాల బైండింగు షాపులో పని చేస్తాడు. జిగురు, దారం, అట్ట తప్ప ఇంకేం తెలీదు. వేపకీ కరివేపకీ తేడా చెప్పలేని మనిషి. ఇక మిగిలింది ఇంటాయన, పై వాటాలో ఉండే నర్సు. పై వాటాకి మెట్లు మా పెరట్లోంచే. ముప్పై ఏళ్ళ పిల్ల, పెళ్ళి కాలేదు, షిఫ్టు డ్యూటీలు. వేళాపాళా లేకుండా వస్తుంది, పోతుంది. ఎప్పుడొచ్చినా "పిన్నిగారూ" అని నవ్వుతుంది. ఊరికే నవ్వేవాళ్ళని నేను మొదటి నుంచీ నమ్మను.

టేపుని గోటితో గీకి చూశాను. మామూలు టేపు కాదు. ఆస్పత్రిలో సెలైను సూది ఊడిపోకుండా అంటిస్తారే, ఆ గుడ్డ టేపు. ఇంకేం కావాలి? దొంగ తన ముద్ర తనే వేసుకుని పోయింది.

అప్పుడే వెళ్ళి జుట్టు పట్టుకుందును. కానీ ఆలోచించాను. కట్టనీ, పెంచనీ. వేర్లు వచ్చిన రోజు ముందుగా నేనే కోసుకుంటాను. అప్పుడు దాని మొహం చూడాలి. ఇలా అనుకుని, పని ఎలా చేసిందో చూద్దామని మెల్లగా కట్టు విప్పాను. విప్పి తల కొట్టుకున్నాను. తొక్క రెండు వేళ్ళ వెడల్పున చుట్టూ తియ్యాలా? గాజంత సన్నగా గీసింది. అది కూడా చుట్టూ కాదు, ఒక పక్క తొక్క అలాగే వదిలేసింది. తొక్క కింద జిగురు పొర గీకనే లేదు. అలా వదిలేస్తే చెట్టు తన గాయం తనే పూడ్చుకుంటుంది, వేరు కాదు గదా వేరు ముక్క కూడా పుట్టదు. "దొంగతనం కూడా సరిగ్గా చేతకాదే నీకు!" అని పైకే తిట్టాను.

తిట్టి ఊరుకోవచ్చుగా? ఊరుకోలేకపోయాను. నా చెట్టుకి వికారంగా ఒక గాయం ఉంటే చూస్తూ ఎలా ఉండను? చిన్న కత్తి తెచ్చి మిగతా తొక్క తీశాను, పొర శుభ్రంగా గీకాను, పొట్టు మళ్ళీ తడిపి పెట్టి, అదే కవరు, అదే టేపు ఉన్నవి ఉన్నట్టు చుట్టేశాను. వాక్కాయకీ నేరేడుకీ అంతే. తరవాత ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆడ కొమ్మ ఒక్కటే పట్టుకుపోతే కాయ కాస్తుందా? పోతు మొక్క పక్కన లేకపోతే పూత పూసి రాలిపోవడమే. ఆ మాత్రం కూడా తెలీని దొంగ! పోతు పొదకి నేనే ఒక కట్టు కట్టాను. ఎలాగూ అన్నీ చివరికి నా చేతికే వస్తాయి కదా, సరిగ్గా ఉంటే నా సొమ్ము పోయిందేముంది?

అప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. పొయ్యి మీద గిన్నె పెట్టి కిటికీలోంచి పెరటి వైపే చూస్తుండేదాన్ని. రెండు సార్లు గిన్నె మాడింది. మాడిన కూర పెట్టినా మా ఆయన మాట్లాడకుండా తినేశాడు. అది చూసి అనుమానం ఇంకో పక్కకి తిరిగింది. ఉప్పు ఒక రవ్వ తక్కువైతే కంచం జరిపే మనిషి! పెరట్లోకి వెళ్ళినప్పుడల్లా ముల్లు గుచ్చుకుందని నన్నూ నా చెట్లనీ కలిపి తిట్టే మనిషి, వేళ్ళ మీద గీతలతో వచ్చి కిమ్మనకుండా చేతులు కడుక్కుంటున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

ఒక ఆదివారం ఇంటాయన వచ్చాడు. కూడా ఎవరో కొత్త మనిషి. ఇద్దరూ పెరట్లో నిలబడి గోడ వంకా ఆకాశం వంకా చూశారు. ఆ కొత్తవాడు నా నేరేడు మొదట్లో కాలు పెట్టి తొక్కాడు. నేను చీపురు పట్టుకుని బయటికి వచ్చేలోపల మా ఆయన వాళ్ళని వీధిలోకి తీసుకుపోయాడు.

"ఏంటండీ సంగతి?"

"మోటారు గురించి."

"మోటారు బానే ఉందిగా?"

"అందుకే. బానే ఉందని చెప్పా."

ఇంకో రోజు మెట్ల దగ్గర మా ఆయనా నర్సూ తలలు దగ్గరగా పెట్టి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే ఆ పిల్ల గబగబా పైకి పోయింది, ఈయన చెప్పులు వెతుక్కున్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. అరవై దాటిన మనిషి మీద ఏం అనుమానపడాలో కూడా నాకు తోచలేదు. పడకూడనివి కూడా పడ్డాను. చెప్పుకుంటే సిగ్గు పోతుంది.

చివరికి ఒక పొద్దున తెగింది. నర్సు డ్యూటీకి దిగుతోంది. సంచీ నోరు తెరుచుకుని ఉంది. పైన ఎదురుగా అదే టేపు చుట్ట. వీధి గుమ్మంలో ఇస్త్రీ అతను బట్టల మూట దించుతున్నాడు, పక్కింటావిడ చెత్తబుట్ట పట్టుకుని నిలబడింది. మా ఆయన గడప దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు. నాకు ఎవరూ కనిపించలేదు, ఆ టేపే కనిపించింది.

"ఆగమ్మాయ్. ఆ టేపు ఆస్పత్రిలో రోగులకా, నా చెట్లకా?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. మా ఆయన వైపు ఒక్కసారి చూసింది. తరవాత నా వైపు తిరిగింది.

"టేపు నాదే పిన్నిగారూ. అంతకు మించి నన్నేం అడక్కండి."

"అడక్కుండా ఎలా ఊరుకుంటానమ్మా? పక్కనే ఉంటూ కొమ్మలు కోసుకుపోదామని చూస్తావా? ఆస్పత్రిలో కూడా ఇంతేనా? రోగుల దిండ్ల కింద కూడా వెతుకుతావా?"

"పిన్నిగారూ, మాట జారకండి."

"దొంగవి, నాకు మాటలు నేర్పుతావా?"

అనేశాను. పక్కింటావిడ "అయ్యో" అంది. ఇస్త్రీ అతను మూట మీద నుంచి తలెత్తాడు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను, ఎదురు తిరుగుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. సంచీ జిప్పు లాక్కుని వెళ్ళిపోయింది. మా ఆయన ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, లోపలికి వెళ్ళిపోయాడు. గెలిచిందాన్ని నేనే, కానీ లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. నిజంగా దొంగే అయితే ఇంటాయన పేరో ఇంకొకరి పేరో చెప్పి తప్పించుకోదా?

నర్సు ఆ రోజు నుంచీ నన్ను పలకరించడం మానేసింది. కట్ల దగ్గరికి మాత్రం ఎవరో వస్తూనే ఉన్నారు. టేపు అంచు రోజూ కొత్తగా లేచి ఉంటోంది. వేర్లు పట్టాయో లేదోనని పీకి చూసుకునే తొందర ఎవరికో ఉంది. నర్సు రాత్రి డ్యూటీలో ఉన్న రోజుల్లో కూడా అంచు లేస్తోంది! ఇక చూసి తీరాలని ఒక రోజు తెల్లవారుతుండగానే లేచి, తీగ మీద ఆరేసిన దుప్పటి వెనక నిలబడ్డాను.

మా ఇంటి వెనక తలుపే తెరుచుకుంది. మా ఆయన వచ్చాడు. ముళ్ళ మధ్యకి చెయ్యి పెట్టి, కానరేగు కట్టు అంచు లేపి, కళ్ళజోడు సర్దుకుని లోపలికి చూశాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇదిగో నేను పట్టాను. పట్టి సంబరపడబోయేంతలో ఆయన చేసిన పని చూసి ఆగిపోయాను. కట్టులోంచి తెల్లటి వేర్లు కనిపిస్తున్నాయి, నాకు అక్కడి నుంచే తెలుస్తోంది. దొంగ అయితే పొంగిపోవాలి. ఈయన ఉతికే బండ మీద కూలబడి, తల పట్టుకుని, "వచ్చేశాయా" అన్నాడు. ఎవరో పోయారని కబురు విన్నట్టు అన్నాడు.

"ఏంటండీ వచ్చేసింది?" అన్నాను దుప్పటి తొలగించి.

ఉలిక్కిపడి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"చెప్పండి. ఎవరికోసం కట్టారు?"

"నీకోసమే."

"నా చెట్టుకి అంటు కట్టి నాకే ఇస్తారా? తమాషాగా ఉందా?"

"ఇల్లు అమ్మేశాడే ఇంటాయన. మొత్తం పడగొట్టి అపార్టుమెంటు కడతారట. వచ్చే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి." ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "వానలకి ముందే చెప్పాడు నాకు. నీకు చెబుదామని వచ్చిన రోజున నువ్వు వాక్కాయకి కొత్తగా పాదు చేస్తున్నావు. నోరు రాలేదు."

ఎన్నేళ్ళుగానో భయపడ్డ మాటే, కానీ ఆయన నోట వింటానని అనుకోలేదు. నేరేడు మొదలు పట్టుకుని నిలబడ్డాను.

"మరి ఆ పిల్ల?"

"ఆ అమ్మాయే ఫోన్లో చూపించింది అంటు ఎలా కట్టాలో. టేపు తనే ఇచ్చింది. ముందు పిన్నిగారికి చెప్పండి బాబాయ్, దాచకండి అని రోజూ పోరేది. వేర్లు వచ్చిన రోజు చెప్పేస్తానని మాటిచ్చా. అప్పటిదాకా తనని కూడా చెప్పొద్దని ఒట్టేయించుకున్నా." తల దించుకున్నాడు. "తొక్క చుట్టూ తియ్యాలని చూపించింది. కత్తి ఆడలేదు నాకు. సగం గీసి వదిలేశా. వేర్లు రాకపోతే ఇంకొన్నాళ్ళు చెప్పక్కర్లేదు కదా అని. ఎలా వచ్చాయో మరి!"

"నేను తీశాను మిగతా తొక్క."

ఆయన నోరు తెరుచుకుని చూశాడు.

కోపం రాలేదంటే అబద్ధం. ఇల్లు పోతోందని దాచినందుకు కూడా అంత రాలేదు. "నేను ఆ పిల్లని వీధిలో పెట్టి దొంగ అంటుంటే, బూటు తొడుక్కుంటూ విన్నారే! మీ ఒట్టు కోసం అది మాట పడిందే! మీరేం మనిషండీ!" అని అరిచాను. అరిచి, అక్కడే కూర్చుని ఏడ్చాను. చెట్ల కోసం ఏడ్చానో, అన్న మాట కోసం ఏడ్చానో చెప్పలేను. ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఏమంటానోనని వెనక్కి తీసుకున్నాడు.

కట్ల కింద కొమ్మలు నేనే కోశాను. ఆయన చేతికి కత్తి ఇవ్వలేదు. డబ్బాల్లో మట్టి నింపి, నీడలో పెట్టి, ఆకు నిలబడేదాకా చూశాను. నేరేడు బతకలేదు. మిగతావి చిగురు వేశాయి. అప్పుడు మొదలైంది అసలు బాధ. మాకు దొరికిన వాటా మూడో అంతస్తు. కిటికీ బయట ఒక ఇనప చట్రం, అందులో వాక్కాయ డబ్బా ఒక్కటే పట్టింది. కానరేగుకి డబ్బా చాలదు, అది మనిషిని మించి పెరిగే పొద. ఆడదీ పోతూ రెండూ కావాలి, రెండింటికీ నేల కావాలి. నాకు తెలిసినవాళ్ళందరి ఇళ్ళూ గచ్చులే. ఒక్క చోట నేల ఉందని మా ఆయన నసుగుతూ చెప్పాడు. నర్సు మాకంటే ముందే ఖాళీ చేసి ఆస్పత్రి వెనక సందులో ఒక గది తీసుకుంది. గది ముందు నాలుగు గజాల ఖాళీ మట్టి.

వెళ్ళకూడదనుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ ఊరికే అనలేదు. కానీ నా మొహమాటం కోసం ఆ పొదని డబ్బాలో ఊపిరాడకుండా చంపుకోనా? రిక్షా మాట్లాడుకుని రెండు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. తలుపు సగమే తీసింది. నవ్వలేదు.

"ఏంటి పిన్నిగారూ?"

"నేలలో పెట్టకపోతే ఇవి బతకవమ్మా. నేల నీ దగ్గరే ఉంది."

"దొంగ ఇంట్లో పెడతారా?"

"ఆ మాట అనకూడదు. అన్నాను. తప్పు నాదే."

"మీరు అని మర్చిపోయారు. ఇస్త్రీ అతను మాత్రం ఆ రోజు నుంచీ నేను మెట్లు దిగితే చాలు, నా సంచీ వంకే చూసేవాడు. పక్కింటావిడ బయట ఆరేసిన చీర లోపలికి తీసుకుపోయేది. నేను ఇల్లు మారింది మీ ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడని కాదు. అక్కడ ఇంకో నెల ఉండగలిగేదాన్ని నేను."

డబ్బాలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చేతులు నొప్పి పుట్టాయి, దించమని ఆ పిల్ల అనలేదు, దించే ధైర్యం నాకు లేదు.

చివరికి తలుపు ఇంకాస్త తీసి, గోడ వైపు చెయ్యి చూపించింది. "గోడ పక్కన పెట్టుకోండి. నీళ్ళు మాత్రం నేను పొయ్యను. నాకు డ్యూటీలు. మీరే వచ్చి పోసుకోండి."

అది జాలో, శిక్షో అడిగే హక్కు నాకు లేదు. గుంటలు తవ్వి రెండూ నాటాను. మర్నాడు పొద్దున్నే బిందె తీసుకుని వెళ్ళాను. గేటుకి గొళ్ళెం పెట్టలేదు. గది తలుపు మూసే ఉంది. వంగి నీళ్ళు పోస్తుంటే కిటికీ తెర పక్కకి జరిగింది. ఆ పిల్ల అక్కడ నిలబడి నేనేం చేస్తున్నానో చూస్తోంది. అది ఎలాంటి చూపో నాకు బాగా తెలుసు, దొంగ కోసం నా కిటికీలోంచి నేనూ అలాగే చూశాను. పోతు మొక్కకి కూడా పోసి, ఖాళీ బిందె నోరు కిటికీ వైపు తిప్పి పట్టుకుని, రెండో చెయ్యి అరచెయ్యి కనబడేలా చాపి, గేటు దాకా నడిచాను.